ముందెవరి దగ్గరికి?

ఆవిడ ప్రాణం పోతున్న టైముకి నేను పై అంతస్తులో ఒక పెద్దమనిషి తల కింద దిండు సర్దుతున్నాను. ఎత్తుగా ఉందన్నాడు, తీశాను. పల్లంగా ఉందన్నాడు, మళ్ళీ పెట్టాను. కిటికీ తెర పక్కకి లాగమన్నాడు, లాగాను. ఎండ కళ్ళల్లో పడుతోందని మూసేయమన్నాడు, మూశాను. ఇరవై అయిదు నిమిషాలు. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో కింద జనరల్ వార్డులో, పదిహేడో నంబరు మంచం మీద, కడుపు ఆపరేషనైన నూలు మిల్లు కార్మికురాలికి లోపల్లోపల రక్తం కారిపోయింది.

ఈ మీటింగుకి వచ్చిన మీలో నర్సింగు చదువుతున్న పిల్లలున్నారు. మిల్లులో షిఫ్టు దిగి స్నానమైనా చెయ్యకుండా వచ్చినవాళ్ళున్నారు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నా తప్పు దాచను. వాళ్ళది అసలే దాచను.

మా ఆసుపత్రి రెండంతస్తులు. కింద కాన్పుల వార్డు, పిల్లల వార్డు లాంటివి కాక మా జనరల్ వార్డు ఉంది, అందులో నలభై మంచాలకి షిఫ్టుకి ఇద్దరు నర్సులు, ఒక ఆయా. పైన డబ్బు కట్టి ఉండేవాళ్ళకి పన్నెండు గదులు. ఆ గదుల్లో మంచం పక్కన బెల్లుంటుంది. అది నొక్కితే కింద మా బల్ల ఎదురుగా గోడ మీది బోర్డులో ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగిన మూడు నిమిషాల్లో మాలో ఒకరు మెట్లెక్కి ఆ గదిలో ఉండాలి. లేకపోతే సంజాయిషీ. మూడు సంజాయిషీలయితే ఏజెన్సీకి ఫోను, మర్నాటి నుంచి ఇంట్లో కూర్చోవడమే. ఏజెన్సీ అంటే నాలాంటి కాంట్రాక్టు నర్సుల్ని ఆసుపత్రులకి సరఫరా చేసే కంపెనీ. మందుల పెట్టెలు సరఫరా చేసినట్టే మమ్మల్నీ చేస్తుంది. పగిలితే ఇంకోటి పంపిస్తుంది.

కింద నలభై మంచాలకి బెల్లు లేదు. గొంతుంది కదా, అరుస్తారులే అనుకున్నారు కాబోలు. అరిచే ఓపిక లేనివాళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఈ రూలు పెట్టింది మేనేజరు. అతన్ని మేమందరం చాటున 'పంచదార' అంటాం. నోరు విప్పితే "తల్లీ", "బంగారం" తప్ప ఇంకో మాట రాదు. "సంతకం పెట్టి వెళ్ళిపో బంగారం, రేపటి నుంచి రానక్కర్లేదు" అంటాడు.

ఇక ఆవిడ. ముప్పై అయిదు దాటని మనిషి. నేను వదినా అని పిలిచేదాన్ని. ఆపరేషనుకి ముందురోజు వార్డంతా నవ్వించింది. "మిల్లులో మిషన్ల మోతకి అరిచి మాట్లాడ్డం అలవాటైపోయిందమ్మాయ్! మా ఆయనతో ముద్దుగా ఓ మాటన్నా పక్కింటివాళ్ళు పోట్లాటనుకుని వచ్చేస్తారు" అంది. గర్భసంచి తీసేశారు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి పల్సు తొంభై రెండు. తొమ్మిదిన్నరకి నూట పన్నెండు. పదింటికి నూట ఇరవై నాలుగు, బీపీ తొంభై. నుదుటి మీద చెమట. పెదాలు తెల్లగా పాలిపోయాయి. "నీళ్ళమ్మాయ్, కాసిని నీళ్ళు" అంటూ అటూ ఇటూ దొర్లుతోంది. పక్కన ఆవిడ చెల్లెలు కూర్చుని తడిగుడ్డతో పెదాలు తుడుస్తోంది.

నాకు తెలుసు. చదువుకున్నాను. పల్సు ఎక్కుతూ బీపీ దిగుతుంటే లోపల ఏదో తెగిందని అర్థం. డ్యూటీ డాక్టరుకి ఫోను చేశాను. ఆ ఫోనులో నేనన్న మాటలు ఇవీ, అక్షరం మార్చకుండా చెబుతున్నాను:

"సార్, పదిహేడు కొంచెం బాగాలేదు సార్."

"కొంచెం అంటే?"

"కొంచెం నీరసంగా ఉంది సార్. పల్సు కూడా కొంచెం..."

"ఆపరేషనైన మర్నాడు నీరసంగా కాక డాన్సు చేస్తుందా? నొప్పికి సూది వెయ్యి. చూస్తూ ఉండు."

"సరే సార్."

నా చేతిలో చార్టుంది. అందులో అంకెలున్నాయి. ఒక్కటీ చదవలేదు. "లోపల రక్తం పోతోందేమో, మీరు రావాలి" అనలేదు. మూడు 'కొంచెం'లూ నాలుగు 'సార్'లూ చెప్పి ఫోను పెట్టేశాను. ఆ 'కొంచెం' నా నాలిక మీదికి ఎక్కడి నుంచి వచ్చింది? నర్సు మెల్లగా మాట్లాడాలి, డాక్టరుకి జబ్బు పేరు చెప్పకూడదు, నాకు అనుమానంగా ఉంది అంటే నీ అనుమానం ఎవడిక్కావాలి అంటారు. మూడేళ్ళు చదువు చెప్పి, నాలుగో ఏడు నోరు మూయడం నేర్పారు. నేను బాగానే నేర్చుకున్నాను.

మళ్ళీ ఫోను చేద్దామని చెయ్యి చాచాను. దీపం వెలిగింది. నాలుగో గది. మా నర్సుల పై అధికారి మేట్రన్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"రెండుసార్లు వెలిగింది! ఆయనెవరో తెలుసా? మీ ఏజెన్సీ కాంట్రాక్టరుగారి మామగారు."

"మేడమ్, పదిహేడు..."

"ఆ రెండో అమ్మాయి చూస్తుందిలే. నువ్వు నడు."

రెండో అమ్మాయి వార్డు ఆ చివర కాలిన గాయానికి కట్టు విప్పి ఉంది, చేతులు తీసే వీల్లేదు. ఆ సంగతి మేట్రన్‌కీ తెలుసు, నాకూ తెలుసు. వెళ్ళాను. దిండు సర్దాను.

మెట్లు దిగుతుంటేనే చెల్లెలి కేక వినపడింది. నేను వెళ్ళేసరికి వదిన కళ్ళు తెరిచే ఉన్నాయి. గుండె మీద నొక్కాం. డాక్టరు వచ్చాడు, ఈసారి పరిగెత్తుకుంటూ. నలభై నిమిషాలు నొక్కాం. నా చేతుల కింద పక్కటెముక విరగడం నాకు తెలిసింది. వదిన లేవలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి పంచదార గదిలో నన్ను నిలబెట్టారు. బల్ల మీద టైపు చేసిన కాగితం. 'రోగి పరిస్థితిని నేను గమనించలేదు, డాక్టరుకి తెలియజేయలేదు' అని ఉంది.

"సంతకం పెట్టు తల్లీ. చిన్న శిక్షతో పోతుంది."

"నేను ఫోను చేశాను సార్. చార్టులో టైముతో సహా రాశాను."

"ఏ చార్టు బంగారం?"

చార్టు ఫైల్లో లేదు. దాని బదులు కొత్త కాగితం ఉంది. ఎనిమిదింటికి తొంభై రెండు అని ఒక్క అంకె, కింద అంతా ఖాళీ. నా చేతిరాతని పోలిన రాత.

నేను సంతకం పెట్టలేదు. అదేదో ధైర్యం అనుకోకండి. ఆ దొంగ రాతనే చూస్తూ పెన్ను తీసుకోవడం మర్చిపోయాను.

బయట గేటు దగ్గర మిల్లు జనం చేరారు. నూటయాభై మందికి పైనే ఉంటారు. పంచదార వాళ్ళ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని, "మాకూ బాధగానే ఉందమ్మా, నర్సు అశ్రద్ధ చేసింది, చర్య తీసుకుంటున్నాం" అని చెప్పి వచ్చేశాడు. ఆ తర్వాత నేను బయటికి వచ్చాను. చెల్లెలు నన్ను చూసింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెంప పగలగొట్టింది.

"మా అక్క నీళ్ళు నీళ్ళు అని మొత్తుకుంటుంటే ఎక్కడికి పోయావే? ఎవడికి సేవ చెయ్యడానికి పోయావే?"

జనం మీదికి వస్తున్నారు. అప్పుడు నా ముందుకి పెద్దక్క వచ్చి నిలబడింది.

పెద్దక్క అంటే మా అందరికంటే సీనియరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు, పర్మినెంటు నర్సు. నెలకోసారి జుట్టుకి రంగేసుకోవడం కూడా మర్చిపోయేంత పని చేస్తుంది. పంచదార గదిలోంచి రాగానే జరిగిందంతా ఆవిడకే చెప్పుకున్నాను. ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా పెంచలేదు. జనమే తగ్గారు, వినడానికి.

"అమ్మా, ఈ పిల్ల తప్పుంది. అదెంతో చెబుతాను. మిగతాది ఎవరిదో కూడా చెబుతాను. విన్నాక కొట్టాలనిపిస్తే నన్నూ కొట్టండి." అని, పొద్దుటి నుంచి జరిగినదంతా చెప్పింది. ఎర్ర దీపాల సంగతి, మూడు నిమిషాల సంగతి, దిండు సంగతి, ఫోనులో నా 'కొంచెం' సంగతి, మాయమైన చార్టు సంగతి. ఏదీ వదల్లేదు. ఒక నర్సు గేటు బయట నిలబడి ఆసుపత్రి లోపలి మాట జనానికి చెప్పడం అదే మొదటిసారి.

చెల్లెలు నా వైపు తిరిగి అడిగింది. "నువ్వు రాసిన అంకెలు ఏంటి?"

చెప్పాను. ఆ అమ్మాయి వాటిని పైకి అంది. "తొంభై రెండు. నూట పన్నెండు. నూట ఇరవై నాలుగు." ఇంకోసారి అంది. వెనకున్న మిల్లువాళ్ళు కూడా అన్నారు. కాగితం పోయింది గానీ నూటయాభై మంది నోళ్ళలో ఆ అంకెలు పడ్డాయి. ఆ జనాన్ని చూసి పంచదార అప్పటికి నా మీద చర్య మాట ఎత్తలేదు.

మర్నాడు రెండింటికి, షిఫ్టు మారే టైములో, దుప్పట్లు పెట్టే గదిలో మేమంతా చేరాం. ఇరవై మంది పట్టని గదిలో ముప్పై నలుగురం. దిగిన షిఫ్టువాళ్ళం మాత్రమే. ఎక్కినవాళ్ళు వార్డుల్లో ఉన్నారు.

మాలో ఒకమ్మాయికి మిరపకాయ అని పేరు. సన్నగా ఉంటుంది, మాట మాత్రం నషాళానికి అంటుతుంది. దుప్పట్ల గుట్ట మీదికెక్కి అరిచింది. "సమ్మె! ఇవాళే! ఒక్క నర్సు కూడా లోపలికి వెళ్ళకూడదు. రెండ్రోజుల్లో కాళ్ళబేరానికి వస్తారు."

ఒక పర్మినెంటు నర్సు తల అడ్డంగా ఊపింది. "నీకేం పోయింది, పెళ్ళీ పిల్లలూ లేరు. నాకింకా ఆరేళ్ళుంది పెన్షనుకి. అయినా కాంట్రాక్టు పిల్లల గొడవలో మేమెందుకు?"

"మీ పర్మినెంటోళ్ళు ఎప్పుడూ ఇంతే! మీకు నైటులు వెయ్యరు, పై గదులు వెయ్యరు. మా చెంప పగిలితే మీకేం?"

"నోరు అదుపులో పెట్టుకో!"

"మీరు పెట్టుకునే కదా ఇక్కడిదాకా వచ్చింది!"

అలా అరగంట ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నాం. పంచదార తలుపు చాటున నిలబడి వింటే ఎంత సంతోషించేవాడో. పెద్దక్క అందర్నీ అననిచ్చింది. చివరికి అడిగింది.

"సమ్మె చేస్తే పైనున్న పన్నెండుమందీ వేరే ఆసుపత్రికి కార్లలో వెళ్ళిపోతారు. కింద నలభై మంది?"

మిరపకాయ దుప్పట్ల గుట్ట మీది నుంచి దిగింది.

అప్పుడు గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ మా వార్డు ఆయా గొంతు సవరించుకుంది. ఆయమ్మ అంటాం. అసలు ఆవిడ మీటింగుకి రాలేదు, గది ఊడవడానికొచ్చింది.

"నేనో మాటంటే కోప్పడరు కదా? నిన్న పొద్దున్న తొమ్మిదింటికి ఆవిడ యూరిన్ బ్యాగు ఖాళీ చేద్దామని వెళ్ళాను. ఖాళీ చేసేందుకేం లేదు. అడుగున నాలుగు చుక్కలు. పొట్ట కూడా బిగిసి ఉంది, పక్క మారుస్తుంటే తెలిసింది. ఇదేదో బాగాలేదే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?" అని నేను దాదాపు అరిచాను.

ఆయమ్మ నా కళ్ళల్లోకి చూసింది. "పోయినేడాది ఒకసారి చెప్పాను తల్లీ. ఆరో మంచం ముసలాయన మాట ముద్దగా వస్తోందని. 'నీ పని నువ్వు చూసుకో, నువ్వేమన్నా డాక్టరువా' అన్నావు. నువ్వే అన్నావు. మర్నాటికి ఆయన కాలూ చెయ్యీ పడిపోయాయి. అప్పటి నుంచి నా పని నేను చూసుకుంటున్నాను."

నాకు గుర్తే లేదు. అదీ నా సిగ్గు. అన్న మాట కూడా గుర్తు లేదు. డాక్టరు నన్ను ఎలా తీసిపారేశాడో నేను ఆవిణ్ణి అలాగే తీసిపారేశాను. పై నుంచి కిందికి ఒక్కొక్క మెట్టు మీదా ఒక్కొక్క నోరు మూసుకుపోయి ఉంది. అన్నిటికంటే కింది మెట్టు మీద వదిన పడుకుని ఉంది, నీళ్ళడుగుతూ.

పెద్దక్క ఆయమ్మ చెయ్యి పట్టుకుని గది మధ్యకి తీసుకొచ్చింది. చీపురు తీసి గోడకి ఆనించింది. "ముందు దీన్ని సరిచెయ్యాలి" అంది. "మనం పని మానం. పని చేస్తాం. చదువుకున్నట్టు చేస్తాం. వాళ్ళు తట్టుకోలేనిది అదే."

ఆ రోజు తేల్చుకున్నవి చెబుతాను, నర్సింగు పిల్లలు బాగా వినండి. షిఫ్టు మారేటప్పుడు బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు చదువుకోవడం బందు. మంచం దగ్గర నిలబడి, రోగికి వినపడేలా, పక్కనున్న చుట్టానికి వినపడేలా అప్పగించాలి. ఆయమ్మ కూడా పక్కనుండాలి, తను చూసింది తను చెప్పాలి. అప్పగించాక తీసుకునేవాళ్ళు విన్నది తిరిగి చెప్పాలి. మంచానికి ఒక పలక కట్టాలి, సుద్దతో ఒకటి అంటే ఇప్పుడే చూడాలి, రెండు అంటే గంటలోపు, మూడు అంటే ఆగగలరు. కింద మంచానికైనా పై గదికైనా అదే వరస. దిండుకి మూడు. డాక్టరుకి ఫోను చేస్తే ముందు అంకెలు, తర్వాత మన అనుమానం, తర్వాత మనకేం కావాలో, ఎంతసేపట్లో కావాలో. 'కొంచెం' అనే మాట వాడితే, అన్నవాళ్ళు అందరికీ టీ తాగించాలని మిరపకాయ చేర్చింది. మొదటి వారం టీ అంతా నాదే.

నాలుగో రోజున ఇరవై రెండో మంచానికి పలక మీద ఒకటి పడింది. ఆపరేషనైన లారీ క్లీనరు. ఫోను నేనే తీశాను. వెనక పెద్దక్క, ఆయమ్మ, వార్డులో నడవగలిగిన రోగులందరూ నిలబడ్డారు.

"డాక్టరుగారూ, ఇరవై రెండో మంచం. పల్సు నూట ముప్పై, బీపీ ఎనభై ఎనిమిది, రెండు గంటలుగా యూరిన్ లేదు. లోపల రక్తం పోతోందని నా అనుమానం. పది నిమిషాల్లో మీరు రావాలి. నేను చెప్పింది ఒకసారి తిరిగి చెప్పండి."

"ఏంటీ? నాకు పాఠం చెబుతున్నావా?"

"లేదండీ. పదకొండూ అయిదు. టైము రాసుకుంటున్నాను. పల్సు ఎంతని చెప్పాను?"

అతని ఊపిరి వినపడుతోంది. కుర్ర డాక్టరే. ముప్పై గంటలుగా డ్యూటీలో ఉన్నాడని తర్వాత తెలిసింది. వదిన చనిపోయినప్పటి నుంచి సరిగ్గా అన్నం తినడంలేదని కూడా.

"నూట ముప్పై," అన్నాడు చివరికి. "వస్తున్నా."

ఏడు నిమిషాల్లో వచ్చాడు. క్లీనరు బతికాడు. మీలో కొందరు అతన్ని చూసే ఉంటారు, లారీ డిపో దగ్గర టీ కొట్టులో కూర్చుని కుట్లు చూపిస్తుంటాడు.

ఆ వారంలోనే పై నాలుగో గది దీపం వెలిగింది. అదే పెద్దమనిషి, కాంట్రాక్టరు మామగారు. మిరపకాయ వెళ్ళి చూసింది. గుండె నొప్పి, ఎడం చెయ్యి లాగుతోంది. మెట్ల మీద నుంచే అరిచింది, "నాలుగో గది, ఒకటి!" అందరం పరిగెత్తాం. ఆయన కూడా బతికాడు. పరిస్థితిని బట్టే వరస అన్నాం, గదిని బట్టి కాదు. ఆ మాట మీద నిలబడ్డాం. మర్నాడు ఆయన అల్లుడు పెట్టిన ఫిర్యాదు ఏమిటో తెలుసా? ముందురోజు మామగారికి దుప్పటి మార్చడం గంట ఆలస్యమైందట.

మూడు వారాల్లో ఆ ఫిర్యాదుతోపాటు ఇంకో పదకొండు పోగుచేసి పంచదార పోలీసులకి ఇచ్చాడు. పెద్దక్క పేరు మీద కేసు: అత్యవసర సేవలకి ఆటంకం, రోగుల ప్రాణాలకి ముప్పు. వదిన చనిపోయిన రోజు ఎవరి ప్రాణానికీ రాని ముప్పు, దుప్పటి ఆలస్యమైన రోజు వచ్చింది.

మధ్యాహ్నం ఒకటిన్నరకి ఇన్‌స్పెక్టరు, ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు వార్డులోకి వచ్చారు. పెద్దక్క డ్రిప్పు మారుస్తోంది.

"నడవండమ్మా."

"వస్తాను బాబూ. చార్జి అప్పగించి వస్తాను."

"అవన్నీ తర్వాత."

"తర్వాత కుదరదు. ఈ నలభై మందిని చెప్పకుండా వదిలేసి వస్తే అప్పుడు నామీద నిజంగానే కేసు పెట్టాలి నువ్వు." గొంతు పెంచలేదు. డ్రిప్పు చుక్కలు లెక్కపెట్టుకుంటూనే అంది. "జోళ్ళు అక్కడ విప్పండి. నేల ఇప్పుడే తుడిచింది ఆయమ్మ."

వాళ్ళు జోళ్ళు విప్పారు. ఎందుకు విప్పారో వాళ్ళకే తెలియదు.

పెద్దక్క మంచం మంచం దగ్గరా ఆగింది. ఒకటి అని రాసున్నవాళ్ళ దగ్గర ముందు, తర్వాత రెండు, తర్వాత మూడు. నేను తీసుకుంటున్నాను. ఆవిడ చెప్పింది, నేను తిరిగి చెప్పాను, ఆయమ్మ తన మాట కలిపింది. పదో మంచం దగ్గరికి వచ్చేసరికి రోగులు కూడా అనడం మొదలుపెట్టారు. ముప్పై మూడో మంచం ముసలమ్మ, "నాకు చక్కెర జబ్బుందని కూడా చెప్పవే తల్లీ, మర్చిపోతారు" అంది. పైన మెట్ల మీద, వరండాలో, తలుపుల దగ్గర మిగతా వార్డుల నర్సులు నిలబడ్డారు. గంటా పదినిమిషాలు పట్టింది. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు, మూడోసారి స్టూలు మీద కూర్చున్నాడు. ఒక కానిస్టేబులు మాత్రం మా వెనకే నడుస్తూ పెదాలు కదుపుతోంది. ఆమె కూడా తిరిగి చెబుతోందని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

నలభయ్యో మంచం అయ్యాక పెద్దక్క చేతులు కడుక్కుని తుడుచుకుంది. "ఊఁ, పద నాయనా" అంది.

జీపు ఎక్కేముందు మిల్లు జనం అడ్డం పడుకోబోయారు. పెద్దక్క వద్దంది. "చార్టు అడగండి. అసలు చార్టు. దాన్ని మాత్రం వదలొద్దు" అంది చెల్లెలితో. జీపు వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి షిఫ్టు దిగినవాళ్ళం దిగినట్టే స్టేషను ముందుకి వెళుతున్నాం. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కుతున్నారు. వార్డు ఒక్క నిమిషం ఖాళీ కాలేదు. స్టేషను గేటూ ఖాళీ కాలేదు. పెన్షనుకి ఆరేళ్ళుందన్న పర్మినెంటావిడ ఇప్పుడు అందరికంటే ముందు కూర్చుంటోంది. మొదటిరోజు ఎండలో కళ్ళు తిరిగి పడిపోయింది. లేపి పల్సు చూడబోతే, "ఎనభై ఎనిమిది, నేను చూసుకున్నాలే" అని కసిరింది.

మూడో రోజు కాంట్రాక్టు నర్సులం పదకొండుమందికి ఉత్తర్వులు వచ్చాయి. 'మీ సేవలు అవసరం లేదు. కొత్తగా వచ్చువారికి చార్జి అప్పగించి వెళ్ళవలెను.' నిన్న పొద్దున్న ఏడింటికి ఏజెన్సీ వ్యాను వచ్చింది. తొమ్మిది మంది పిల్లలు దిగారు. చదువు అప్పుడే పూర్తయినవాళ్ళు. ఇస్త్రీ నలగని యూనిఫారాలు. గేటు దగ్గర మమ్మల్ని చూసి ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. కొడతామనుకున్నారు.

"లోపలికి పోనివ్వను! మన నోటి దగ్గర కూడు లాక్కోడానికొచ్చారు!" అని మిరపకాయ గేటుకి అడ్డం నిలబడింది.

నాకూ ఒళ్ళు మండింది. కానీ ఆ పిల్లల్లో ఒకమ్మాయి కళ్ళద్దాలు సర్దుకుంటూ, "అక్కా, మాకు ఇక్కడ ఇంత గొడవుందని చెప్పలేదు" అంది. ఏజెన్సీ నన్ను పంపించిన మొదటి రోజు నాకూ ఏం చెప్పలేదు. ఎర్ర దీపాలు చూపించారు, అంతే.

"అప్పగిద్దాం," అన్నాను మిరపకాయతో. "ఉత్తర్వులోనే ఉందిగా, చార్జి అప్పగించి వెళ్ళమని. వాళ్ళ కాగితమే. పూర్తిగా అప్పగిద్దాం."

తొమ్మిది మందినీ లోపలికి తీసుకెళ్ళాం. మంచం మంచం దగ్గరా ఆపాం. రోగిని చూపించాం, పలక చూపించాం, అంకె ఎందుకు వేశామో చెప్పాం, తిరిగి చెప్పమన్నాం. మొదట మెల్లగా గొణిగారు. ఆయమ్మ, "గట్టిగా చెప్పండమ్మా, ఇక్కడ మెల్లగా మాట్లాడితే మనుషులు చస్తారు" అంది. వదిన ఎలా పోయిందో చెప్పాం. నేనేం చేశానో నేనే చెప్పాను. కళ్ళద్దాల అమ్మాయి అడిగింది, "మరి పైన దీపం వెలిగితే?"

"వెళ్ళి చూడాలి. ఎవరి తర్వాత వెళ్ళాలన్నది నువ్వే తేల్చుకో. చదువుకున్నావుగా."

అప్పగింత పూర్తవుతుండగా పంచదార వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "శెభాష్ తల్లీ. ఇక మీరు వెళ్ళొచ్చు" అన్నాడు మాతో. సంచులు తీసుకున్నాం. అప్పుడే తొమ్మిదో గది దీపం వెలిగింది.

కళ్ళద్దాల అమ్మాయి పదకొండో మంచం దగ్గర, ఒక కూలీ మనిషి చేతికి బీపీ పట్టీ చుట్టి ఉంది.

"తొమ్మిదో గది, బంగారం. తొందరగా."

ఆ అమ్మాయి గాలి వదులుతూ అంకె చూసింది. పట్టీ విప్పలేదు.

"వినపడలేదా?"

"వినపడింది సార్." ఆ మాట వార్డు చివరిదాకా వినపడింది. "ఈయన బీపీ ఎనభై నాలుగు. నేను డాక్టరుగారికి ఫోను చెయ్యాలి. తొమ్మిదో గదిలో ఏం కావాలో మీరు వెళ్ళి కనుక్కొచ్చి చెప్పండి. ఊపిరి ఆడకపోవడమో, నొప్పో అయితే కేకెయ్యండి, పరిగెత్తుకొస్తాను."

పంచదార మిగతా ఎనిమిది మంది వైపు తిరిగాడు. ఒక్కొక్కరిని వేలితో చూపించి వెళ్ళమన్నాడు. ఒక్కరూ మంచం పక్క నుంచి కదల్లేదు. మేం బయటికి నడుస్తుంటే వెనక ఫోనులో ఆ పిల్ల గొంతు: "డాక్టరుగారూ, పదకొండో మంచం. అంకెలు చెబుతున్నాను, రాసుకోండి."

ఇదీ నిన్నటిదాకా జరిగింది. పెద్దక్కకి బెయిలు రాలేదు. చార్టు బయటికి రాలేదు. రేపు ఏజెన్సీ ఇంకో వ్యాను పంపిస్తోందట. ఈ తొమ్మిది మందికీ ఉత్తర్వులు తయారవుతున్నాయట. వాళ్ళలో అయిదుగురు ఇప్పుడు డ్యూటీలో ఉన్నారు. నలుగురు షిఫ్టు దిగి వచ్చి ఇక్కడ మీ పక్కనే కూర్చున్నారు.

వ్యాను రానివ్వండి. పొద్దున్న ఏడింటికల్లా మనమందరం గేటు దగ్గర ఉందాం. మిల్లువాళ్ళు, డిపోవాళ్ళు, నర్సింగు పిల్లలు, ఎవరు షిఫ్టులో లేకపోతే వాళ్ళు. దిగినవాళ్ళకి చార్జి అప్పగిద్దాం.